పెద్దమ్మ దిద్దిన నాటిక

"పోయి కాళ్లు పట్టుకోరా! ఇంకా నిలబడి చూస్తావేంది?"

తల్లి రాఘవమ్మ గొంతు తగ్గించే అంటున్నా ఆ మాట పెరటిదాకా వినపడుతూనే ఉంది. హజరత్తయ్య పంచలో స్తంభాన్ని ఆనుకొని నిలబడ్డాడు. లోపల పీట ముందు విస్తట్లో అన్నం చల్లారిపోయింది. పెదనాయన పెంచలయ్య దాని ముందు కూర్చోనైనా కూర్చోలేదు. చెంబెడు మంచినీళ్లు తాగి, కండువా దులుపుకొని పెరట్లోకి వెళ్లిపోయాడు.

"నిన్న నాయుడుపేట సంతలో ఆ వడ్ల షావుకారు ఏమడిగినాడో తెలుసునా? 'ఏం పెంచలయ్యా, మీ బర్రె కులాసానా? ఇంట్లో కబుర్లన్నీ సరిగ్గా అందిస్తుండాదా?' అన్నాడంట. అక్కడున్నోళ్లంతా పడీ పడీ నవ్వినారంట. పంచాయతీ సమితి మెంబరురా ఆయన! రేపట్నుంచి తలెత్తుకొని ఎట్టా తిరగాల?"

"నాటికలో నేను ఎవరి పేరూ పెట్టలేదమ్మా."

"పేరెందుకురా? మొగుడూ పెళ్లాలు బర్రెతో చెప్పుకొని కాపరం చేసే ఇల్లు ఈ జిల్లాలో ఇంకోటి ఉండాదా?"

హజరత్తయ్య తల వంచుకున్నాడు.

నిజమే. పెంచలయ్యా, పెద్దమ్మ వెంకటశేషమ్మా ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకొని పదేళ్లు దాటింది. పెరట్లో కట్టేసిన బర్రెతోనే అన్నీ చెప్పుకునేవాళ్లు. "నీళ్లు కాగినాయని చెప్పవే" అని ఆమె. "నేను పొలానికి పోతుండానని చెప్పవే" అని ఆయన. మొదటి బర్రె పోయింది. దాని దూడ పెరిగి బర్రె అయింది. ఆ వాడుక మాత్రం మారలేదు.

దాన్నే నాటికగా రాశాడు హజరత్తయ్య. తిరుపతి యూనివర్శిటీలో ఎం.ఏ. చదువుతూ, అక్కడి నాటక విద్యార్థులతో కలిసి ఈ వేసవి సెలవల్లో జిల్లా అంతటా చిన్న నాటికలు ఆడాలని బయలుదేరాడు. మొదటి ఆట నాయుడుపేటలో అయింది. రెండోది ఇవాళ సాయంత్రం, కోట అనే ఊరి పక్కనున్న ఈ పల్లెలోనే, పెంచలయ్య కళ్లంలో. ఆ తర్వాత బుచ్చిరెడ్డిపాలెం, చివరికి నెల్లూరు.

నాయుడుపేటలో నాలుగు నాటికల్లోకీ జనం ఎక్కువ నవ్వింది దీనికే. తన పేరు పిలిచి తెర ముందుకు రమ్మన్నప్పుడు హజరత్తయ్య కాళ్లు నేల మీద ఆనలేదు. ఆ నవ్వు సంతదాకా పోయి పెదనాయన మీద పడుతుందని అప్పుడు తోచలేదు.

తండ్రి పోయినప్పుడు తను పాలు తాగే బిడ్డ. పెంచినదీ చదివించిందీ పెదనాయనే. కళ్లం ఇస్తానన్నదీ, పందిరికి తాటాకులు తోలించిందీ ఆయనే.

పెరట్లోనుంచి పెంచలయ్య గొంతు పెద్దగా వినిపించింది.

"ఏమే! ఇయ్యాల మన కళ్లంలో నాటకాలూ గీటకాలూ లేవని ఆ రాసినోడికి చెప్పు. పందిరి వాళ్లంతట వాళ్లు పీక్కుంటే మర్యాద. లేకపోతే నేనే పీకిస్తానని చెప్పు."

బర్రె నెమరు వేస్తూ హజరత్తయ్య వైపు చూసింది.

ఇన్నేళ్లలో పెదనాయన ఎన్నిసార్లో కోప్పడ్డాడు. ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాడు. కానీ ఎప్పుడూ "ఒరే హజరత్తా" అని మొహం చూసే తిట్టాడు. హజరత్తయ్యకు నవ్వు రాబోయింది. ఇవాళ తనకూ బర్రె చేతే కబురని తోచేసరికి అది ఆగిపోయింది.

*

బడిలో దిగిన స్నేహితులు ఇద్దరు అప్పుడే వాకిట్లోకి వచ్చారు. గంగాధరం ఈ నాటికలన్నిటికీ దర్శకుడు. హజరత్తయ్య నాటికలో మొగుడి వేషం అతనిదే. పెళ్లాం వేషం మగ్దలీనమ్మది. కృష్ణపట్నం దగ్గర పల్లెనుంచి వచ్చిన బడి అయ్యవారి కూతురు.

సంగతి విని గంగాధరం అరుగు మీద కూలబడ్డాడు.

"చాటింపు వేయించినామే! చుట్టుపక్కల ఊళ్లనించి బండ్లు కట్టుకొని వస్తారు. ఇప్పుడు లేదని ఎట్టా చెప్పేది?"

"నా నాటిక తీసేద్దాము" అన్నాడు హజరత్తయ్య. "మిగతా మూడూ ఆడండి. నేను పెదనాయన్ను బతిమాలుకుంటా."

"బుచ్చిలో?"

"అక్కడా వద్దు. నెల్లూరులోనూ వద్దు."

మగ్దలీనమ్మ మెల్లగా అడిగింది. "మీ పెద్దమ్మగారు ఏమంటుండారు?"

హజరత్తయ్య వంటింటి వైపు చూశాడు. నిన్నటినుంచీ ఇంట్లో అందరూ పెదనాయన పరువు గురించే మాట్లాడుతున్నారు. పెద్దమ్మను ఎవరూ ఏమీ అడగలేదు.

వంటింటి గడపలో గాజులు గలగలమన్నాయి. వెంకటశేషమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి మగ్దలీనమ్మ ఎదురుగా నిలబడింది. కిందనుంచి పైదాకా చూసింది.

"నువ్వేనా నేను?"

మగ్దలీనమ్మ తడబడుతూ లేచింది. "అవునమ్మా."

"నాకంటే పొడుగుండావే. సరే, ఆడి చూపించండి."

"ఇక్కడా?" అన్నాడు గంగాధరం.

"ఇక్కడే. నాయుడుపేటోళ్లంతా చూసి నవ్వినారు. నేను చూడకూడదా?"

"అక్కా!" రాఘవమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "బావగారు పెరట్లోనే ఉండారు. వింటారు!"

"విననీలే."

వెంకటశేషమ్మ అరుగు మీద కూర్చుంది. చేసేది లేక ఇద్దరూ మొదలుపెట్టారు.

మొగుడు చొక్కా పట్టుకొని లేని బర్రెతో అన్నాడు. "ఏమే, గుండీ ఊడిపోయిందని చెప్పు."

పెళ్లాం చేటలో బియ్యం చెరుగుతూ అంది. "ఏమే, సూది కనపడలేదని చెప్పు."

"ఏమే, సూది దూలానికి గుచ్చి ఉండాదని చెప్పు."

"ఏమే, దూలం నాకు అందదని చెప్పు."

"ఏమే, అందకపోతే నోరు తెరిచి అడగొచ్చు గదా అని చెప్పు."

వెంకటశేషమ్మ పక్కున నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అది నిజమే! ఆ సూది మాట నిజమేనే రాఘవమ్మా! వీడు యాడ నక్కి విన్నాడో చూడు!"

హజరత్తయ్యకు ఊపిరి తిరిగింది. నాటిక సాగింది. పెళ్లాం బర్రె దగ్గరికి వచ్చి, పాత సంగతి తవ్వుకునే చోటు వచ్చింది. "పులుసులో ఉప్పు జాస్తయిందని నా మొకాన విస్తరి కొట్టినాడు. మరిచిపోతానా?" అంది మగ్దలీనమ్మ మూతి మూడు వంకర్లు తిప్పుతూ. నాయుడుపేటలో జనం ఈలలు వేసింది ఇక్కడే. ఆ వెంటనే బర్రె ఈనుతుంది. పెళ్లాం సంతోషం పట్టలేక "ఏమయ్యో, దూడ!" అని కేక వేస్తుంది. ఇద్దరికీ మాటలు కలుస్తాయి. తెర పడుతుంది.

ఆట అయిపోయింది. వెంకటశేషమ్మ మొహంలో నవ్వు ఎప్పుడో పోయింది.

"ఉప్పు కోసమా?" అంది.

మగ్దలీనమ్మ హజరత్తయ్య వైపు చూసింది.

"పులుసులో ఉప్పు కోసం ఇన్నేళ్లు నోరు కట్టేసుకుని కూర్చునేదాన్నంట్రా నేను?"

"నాకు తెలియదు పెద్దమ్మా. ఏదో ఒక కారణం ఉండాలి గదా అని..."

"నన్ను అడిగినావా?"

రాఘవమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. ఆమెకు తెలుసని ఆ తిప్పుకోవడంలోనే అర్థమైంది.

"నువ్వప్పుడు సెలవలకు మీ అమ్మమ్మోళ్లింటికి పోయినావు" అంది వెంకటశేషమ్మ. "మా పుట్టినూరు తడనించి మనిషొచ్చినాడు. మా అమ్మకు బాగలేదు, నిన్నే కలవరిస్తుండాది, రమ్మని. మనకు నాట్లు. కూలోళ్లందరికీ సంగటి కెలికిపెట్టేది నేనే. పోతానంటే మీ పెదనాయన, 'మీ అమ్మకు ఏటా వచ్చేదేగా, నాట్లయినాక పోదువులే' అన్నాడు. సరేనన్నాను. నాట్లయినాక పోయినాను."

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది.

"మా అన్న వాకిట్లోనే నిలబడి, 'ఇప్పుడెందుకొచ్చినావు' అన్నాడు. అమ్మను ముందురోజే కాటికి తీసకపోయినారంట. 'నిన్ను లోపలికి రావద్దనను. నీ మొగుణ్ణి మాత్రం ఈ గడప తొక్కనీను' అన్నాడు. ఏడ్చి, ఇంటికొచ్చినాను. ఈయన ఒక్క మాట అంటాడేమోనని చూసినాను. అన్నం తిన్నాడు. మజ్జిగ పొయ్యమన్నాడు. పొలానికి పోయినాడు. మరుసటిరోజూ అంతే. ఆయన ఆ మాట అన్నరోజే నేనూ మాట్లాడదామనుకున్నా. ఆయన అనలా."

పెరట్లో చప్పుడు లేదు. పెంచలయ్య ఉన్నాడో వెళ్లిపోయాడో తెలియదు.

"పెద్దమ్మా, నాటిక ఆపేస్తాను."

"ఎందుకాపేది?" ఆమె కళ్లు తుడుచుకొని చురుగ్గా చూసింది. "నవ్వేటోళ్లను నవ్వనీ. నాకే నవ్వొచ్చింది. ఆ ఉప్పు తీసేసి ఇది పెట్టు. అట్టయితే ఆడు. ఉప్పే ఉంటే మాత్రం నేనే వచ్చి నీ తెర పీకుతా."

"దూడ పుట్టడం...?"

"దూడ పుడితే నేనెందుకురా ముందు మాట్లాడేది?"

"అయితే ఆఖర్లో ఆయన ఏమంటాడు?"

వెంకటశేషమ్మ లేచి లోపలికి నడిచింది. గడపలో ఆగి అంది. "నన్నెందుకడుగుతావు? పోయి ఆయన్నడుగు."

*

పెంచలయ్య కళ్లంలో ఉన్నాడు. సగం వేసిన పందిరిని పీకలేదు. గడ్డివామి నీడలో కూర్చొని ఎండుగడ్డి తాడు పేనుతున్నాడు. హజరత్తయ్య వచ్చి ఎదురుగా నిలబడగానే ఆయన కళ్లు అటూ ఇటూ వెతికాయి. అక్కడ బర్రె లేదు.

"పెదనాయనా, తడ సంగతి పెద్దమ్మ చెప్పింది."

తాడు పేనే చేతులు ఆగిపోయాయి.

"నిన్ను సంతలో నవ్వులపాలు చేసినాను. తప్పే. నువ్వు పీకమంటే ఈ పందిరి నేనే పీకేస్తాను. కానీ పెద్దమ్మ నాటిక ఆడమంటుండాది. జరిగింది జరిగినట్టు పెట్టి ఆడమంటుండాది." హజరత్తయ్య ఆయన పక్కనే గడ్డి మీద కూర్చున్నాడు. "ఆమె మాట నాకు తెలిసింది. నీ మాట తెలియలా. ఆ మొగుడు ఏమంటాడు పెదనాయనా?"

పెంచలయ్య పేనిన తాడు పక్కన పెట్టాడు.

"ఏమనాలో తెలిస్తే ఇన్నేళ్లు గొడ్డుతో మాట్లాడతానంట్రా?"

పెంచలయ్య ఒక గడ్డిపోచ తీసి తుంచాడు.

"ఆ ముసలామె పోతుందనుకోలేదురా. ఏటా అట్టనే కబురొచ్చేది. పోయి చూస్తే లేచి తిరగతా ఉండేది. ఈసారీ అంతేలే అనుకున్నా. మీ పెద్దమ్మ తిరిగొచ్చినరోజు ఆమె మొకం చూడలేక గబగబా నాలుగు ముద్దలు మింగి పొలానికి పోయినా. రేపు చెబుదాములే అనుకున్నా. రేపు గాకపోతే కోతలైనాక అనుకున్నా. ఎన్ని కోతలు పోయినాయో! ఆమె గూడా నోరు మూసేసె. ఇంక ఏ మొకం పెట్టుకొని చెప్పేది?"

"ఇదే రాస్తా పెదనాయనా. ఇంతకంటే ఏం కావాల?"

"వద్దు!" పెంచలయ్య చివాలున తల ఎత్తాడు. "నా మాట ఆ గంగాధరం చెప్పేదేంది?"

హజరత్తయ్య లేచాడు. పైకి చూసి అడిగాడు. "మరి పందిరి?"

పెంచలయ్య మళ్లీ తాడు అందుకున్నాడు. "మిగతా తాటాకులు వామి వెనకాల ఉండాయి. బిన్నా, జనం రాకముందే కట్టుకోండి."

*

ఎండ చల్లబడేసరికి కళ్లం నిండిపోయింది. ఒకవైపు మగవాళ్లు, ఒకవైపు ఆడవాళ్లు. చాపలూ గోనెలూ తెచ్చుకొని కూర్చున్నారు. కోటనుంచి వచ్చిన బండ్లు గట్టు పొడుగునా విప్పి ఉన్నాయి. సమితి మెంబరని పెంచలయ్యకు ముందు బెంచీ వేశారు. ఆయన వస్తాడని రాఘవమ్మ అనుకోలేదు. వచ్చి కూర్చున్నాక ఆమెకు భయం ఇంకా ఎక్కువైంది.

మొదటి మూడు నాటికలూ అయ్యాయి. తెర వెనక గంగాధరం జుట్టుకు తెల్ల రంగు పూసుకుంటూ విసుక్కున్నాడు.

"ఆఖర్లో పెళ్లాం అడుగుతుంది, బాగుంది. నేనేం చెయ్యాల?"

"ఏమీ చెప్పొద్దు. నిలబడు."

"ఎంతసేపు?"

"నాకూ తెలియదు గంగాధరం."

తెర తీశారు. గుంజకు కట్టిన పలుపుతాడు పక్క తెర చాటుకు పోయి ఉంది. వెనకనుంచి ఒకతను బర్రెలా అరవగానే పిల్లలు గోలగోలగా నవ్వారు. సూది మాటలకు పెద్దవాళ్లూ నవ్వారు. కొందరు పెంచలయ్య వైపు తిరిగి చూసి నవ్వారు. ఆయన కదలకుండా కూర్చున్నాడు.

మగ్దలీనమ్మ గుంజ దగ్గరికి వచ్చి తాడు పట్టుకుంది. జనం మళ్లీ నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. ఆమె మూతి తిప్పలేదు. ఏడవనూ లేదు. పొద్దున అరుగు మీద విన్నది విన్నట్టు చెప్పింది. నాట్లు, సంగటి, వాకిట్లో నిలబడిన అన్న. ఆడవాళ్ల వైపు ఒక్కొక్కరే సర్దుకొని కూర్చున్నారు. ఎవరో చంటిబిడ్డకు పాలిచ్చి ఊరుకోబెట్టారు.

మగ్దలీనమ్మ తాడు వదిలేసింది. మొదటిసారి మొగుడి వైపు తిరిగింది.

"ఆ రోజు నన్నెందుకాపినావు?"

గంగాధరం నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మూశాడు.

కళ్లమంతా చూస్తోంది. గాలికి తాటాకులు గలగలమన్నాయి. వెనకనుంచి ఒక ముసలామె ఉండబట్టలేక, "చెప్పరా నాయనా, నోట్లో ఏమన్నా పడిందా?" అని అరిచింది. ఎవరూ నవ్వలేదు.

పెంచలయ్య బెంచీ మీదనుంచి లేచాడు.

రాఘవమ్మ చాప మీదనుంచి సగం లేచింది. ఆయన కండువా భుజాన వేసుకొని, కూర్చున్నవాళ్లను దాటుకుంటూ పోతున్నాడు. "తెర! తెర!" అన్నాడు గంగాధరం వెనక్కి తిరిగి. హజరత్తయ్య చేతికి తాడు సరిగ్గా అందలేదు. తెర సగందాకా వచ్చి ఆగింది.

పెంచలయ్య ఇంటి దారి పట్టలేదు. కళ్లం చుట్టూ తిరిగి ఆడవాళ్ల వైపు వచ్చాడు. ముందున్నవాళ్లు గబగబా పైటలు సర్దుకొని పక్కకు జరిగారు. వెంకటశేషమ్మ చాప మీద తల వంచుకొని కూర్చొని ఉంది.

"శేషమ్మా" అన్నాడు.

ఆ పిలుపు వినగానే రాఘవమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ పేరు ఆయన నోట ఎప్పుడు విన్నదో ఆమెకు గుర్తు లేదు.

"నాట్లు ఆగితే ఆగేవి. నిన్ను పంపించాల్సింది. తప్పు నాది."

వెంకటశేషమ్మ వెంటనే తల ఎత్తలేదు. ఎత్తినప్పుడు ఆమె మొహం పొద్దున మగ్దలీనమ్మను చూసినప్పటిలాగే నిలకడగా ఉంది.

"నాకు చెబితే సరిపోదయ్యా. తడలో మా అన్న ఉండాడు. ఆయన ముందర చెప్పు."

"మీ అన్న నన్ను గడప తొక్కనిస్తాడా?"

"తొక్కనీకపోతే వాకిట్లో నిలబడి చెప్పు. నేను పక్కనే ఉంటాగా."

పెంచలయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. చుట్టూ ఇంతమంది ఉన్నారన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది.

"పొద్దున మొదటి బస్సుకు పోదాము" అన్నాడు.

అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. నాటిక అయిపోయిందనుకొని కొట్టినవాళ్లు కొందరు, సంగతి తెలిసి కొట్టినవాళ్లు కొందరు. తెర ముందు మగ్దలీనమ్మ ఎవరికి నమస్కారం పెట్టాలో తెలియక నిలబడింది.

*

పొద్దు గుంకక ముందే జనం చెదిరిపోయారు. గంగాధరం తడిగుడ్డతో జుట్టు రంగు తుడుచుకుంటున్నాడు. మనిషి మంచి ఉషారుగా ఉన్నాడు.

"రేపు ఆదివారం బుచ్చిలో ఆట. ఆఖరి మాట దొరికింది గదా హజరత్తా, రాసియ్యి. ఈసారి నేను బొమ్మలాగా నిలబడను."

హజరత్తయ్య గట్టు వైపు చూస్తున్నాడు. వెంకటశేషమ్మ ముందు నడుస్తోంది. నాలుగడుగుల వెనక పెంచలయ్య. ఆయన ఏదో అంటున్నాడు. ఆమె తిరిగి చూడకుండానే ఏదో జవాబు చెబుతోంది. ఇంత దూరానికి వినపడటం లేదు.

"ఆఖరి మాట ఇంకా దొరకలేదు" అన్నాడు హజరత్తయ్య. "ఆ అన్న ఏమంటాడో చూడాల."

"ఆయన తలుపేసుకుంటే?"

"తలుపేసుకుంటే అదే రాయాల."

గట్టు మీద పెంచలయ్య ఆగాడు. వెనక్కి తిరిగి నోటికి చేతులు అడ్డం పెట్టుకొని కేక వేశాడు.

"ఒరే హజరత్తా! పొద్దున నువ్వు గూడా బయల్దేరు! మీ పెద్దమ్మ మాట సరే, నేనొక్కణ్ణి ఆ వాకిట్లో నిలబడలేను!"

గంగాధరం చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది. బుచ్చికి పోయే బస్సూ పొద్దున్నే. హజరత్తయ్య లేకపోతే నాలుగు నాటికలకూ తెర వెనకనుంచి మాట అందించేవాళ్లు లేరు. ఇంకో నాటికలో అతని వేషం కూడా ఖాళీ అవుతుంది.

"వస్తుండా పెదనాయనా!" అని గట్టిగా అరిచాడు హజరత్తయ్య.

ఆ తర్వాత, ఏం చెప్పాలో ఇంకా తోచకుండానే, గంగాధరం వైపు తిరిగాడు.